ఇంట్లో ఎక్కడో ‘కుయ్’మంటోంది, ముగ్గురం మూడు చోట్లు చూపిస్తున్నాం

కడప_కోడలు:

అందరికీ నమస్తే. మేం ఉండేది బెంగళూరు మున్నేకొలాల్లో, ఆరో అంతస్తు, టూ బీహెచ్‌కే. ఈమధ్యే మారాం, సగం సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. దిగిన కొద్ది రోజులకే మొదలైంది ఈ గోల. నిమిషానికోసారి ‘కుయ్’ అని ఒక్క కూత. అర సెకను కూడా ఉండదు. పగలు వాటర్ ట్యాంకర్ల మోతలో తెలియదు కానీ, రాత్రి పది దాటిందంటే ఇక చూస్కోండి. నాకు ఆ టైమ్‌లోనే అమెరికా వాళ్ళతో కాల్స్. అవతలి వాళ్ళు కూడా ఆ బీప్ ఏంటని అడుగుతున్నారు.

అది ఏ వస్తువు అన్నది అలా ఉంచండి. అసలు గొడవ ఏంటంటే, ఎక్కడి నుంచి వస్తోందో ఇంట్లో ఏ ఇద్దరికీ మాట కలవడం లేదు. మా ఆయన యూపీఎస్ అంటాడు. నాకు వంటింట్లో ఆర్వో ఫిల్టర్ దగ్గర వినిపిస్తోంది, ఒట్టు. ప్రొద్దుటూరు నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఆమె హాల్లో సోఫా మీద కూర్చుని “అది బయటిది కదమ్మా, బాల్కనీ వైపు” అంటుంది. ముగ్గురం ఒకే కూత విని, ఒకేసారి వేలు చూపిస్తే మూడు వేళ్ళూ మూడు వైపులకి!

మొన్న మా ఆయన నోరు జారి “అమ్మకి చెవుడు మొదలైనట్టుంది” అన్నాడు. ఆమె ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. అరవై ఆరేళ్ళు ఆమెకి. టీవీ సౌండ్ కొంచెం ఎక్కువే పెడుతుంది, అది నిజమే. కానీ కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో హాల్లో నుంచే లెక్క చెప్పే మనిషి.

శబ్దం ఎటు నుంచి వస్తోందో మనుషులు మామూలుగా ఎంత కరెక్టుగా చెప్పగలరు? ఇలా తలోవైపు అనిపించడం మామూలేనా, లేక ఆమెని నిజంగానే ఎవరికైనా చూపించాలా? చెవుల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్యాటరీ_బాబాయ్:

మెయిన్ ఆపి చూడమ్మా. అప్పుడూ కూస్తుంటే బ్యాటరీతో నడిచే వస్తువు. మా కేఆర్ పురం ఇంట్లో గ్యాస్ లీక్ అలారం ఇట్లానే నెల రోజులు ఏడిపించింది.

కడప_కోడలు:

ఆపాం బాబాయ్. ఫ్యాన్లు ఆగేసరికి ఇంకా బాగా వినబడింది. కరెంటు పోగానే యూపీఎస్ తన కూత తను మొదలుపెట్టింది, దాని గొంతు వేరు, దీని గొంతు వేరు. కాబట్టి యూపీఎస్ కాదని తేలిపోయింది. అయినా మా ఆయన ఒప్పుకోడు.

చెవి_సంగతులు:

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని పనిగా పెట్టుకున్న మనిషిని. మాది ఆదోని, చదివింది మైసూరులో వినికిడి, మాట చదువులు చెప్పే ఐష్ సంస్థలో, పని బెంగళూరులోనే.

ముందుగా మీ అత్తమ్మగారికి ఈ మాట చెప్పండి. ఆ కూత ఎక్కడిదో చెప్పలేకపోవడం చెవుడు కాదు. ఆ లెక్కన మీ ముగ్గురికీ చెవుడే అనాలి. తప్పంతా ఆ శబ్దానిదే, ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

మనిషి చెవులు ఈ పనిలో మామూలువి కావు. మీకు ఎదురుగా, ముక్కుకు సూటిగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకి జరిగినా గుర్తుపట్టగలరు. అంటే మూడు మీటర్ల దూరంలో సుమారు 5 సెంటీమీటర్లు. మిల్స్ అనే ఆయన 1958లో కొలిచి చెప్పిన సంగతి ఇది. అదే శబ్దం మీ పక్కకి, చెవికి ఎదురుగా వచ్చిందనుకోండి, ఆ పదును పోతుంది, తేడా చాలా డిగ్రీలు ఉంటే గానీ తెలియదు. అందుకే ఏదైనా చప్పుడైతే మనం ముందు అటు తల తిప్పుతాం.

ఈ దిక్కు పట్టడానికి మెదడు వాడే ఆధారాలు ముఖ్యంగా రెండు. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, తల చుట్టి ఎడమ చెవికి చేరేసరికి కాస్త ఆలస్యం. ఎంత ఆలస్యం? మహా అయితే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు, 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. అందులో కూడా 10 మైక్రోసెకన్ల తేడాని, అంటే సెకనులో లక్షో వంతుని మన మెదడు పట్టేస్తుంది. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది నమ్మశక్యంగా ఉండదు. రెండోది, తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి శబ్దం తగ్గి వినిపించడం. బాగా కీచు శబ్దాలకి ఈ తేడా 20 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాకా ఉంటుంది.

బొంగురు శబ్దాలకి మొదటి ఆధారం, కీచు శబ్దాలకి రెండోది పనికొస్తాయని లార్డ్ రేలీ 1907లో వివరించాడు. ఈయన భౌతికశాస్త్రంలో 1904 నోబెల్ అందుకున్న మనిషి, చెవుల మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టాడు. మరి ఈ రెంటికీ మధ్యలో పడిన శబ్దాల సంగతి? అక్కడే ఉంది మీ కూత.

1936లో స్టీవెన్స్, న్యూమన్ అని హార్వర్డ్ వాళ్ళు ఇద్దరు గోడల ప్రతిధ్వని లేకుండా ఈ సంగతి తేల్చాలని ఒక భవనం పైకప్పు మీద పొడవాటి స్తంభం లాంటిది నిలబెట్టి, దాని మీద కుర్చీ వేసి, మనిషిని కూర్చోబెట్టారు. చుట్టూ తిరిగే ఒక చేతికి స్పీకర్ కట్టి, రకరకాల స్థాయిల్లో, అంటే బొంగురు నుంచి కీచు దాకా, శబ్దాలు వినిపించి ఎటు నుంచో చెప్పమన్నారు. పైన ఆకాశం, చుట్టూ గాలి, ప్రతిధ్వని అన్న మాటే లేదు. అంత వసతిలో కూడా 3000 హెర్ట్జ్ (అంటే సెకనుకి 3000 అలలు) దగ్గర జనం అన్నిటికంటే ఘోరంగా తడబడ్డారు. ఆ స్థాయిలో అలలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏ చెవికి ఏ అల ముందొచ్చిందో మెదడు లెక్క తప్పుతుంది. తల అడ్డు వల్ల వచ్చే తేడా కూడా అప్పటికింకా సరిపడా ఉండదు.

ఇప్పుడు మన ఇళ్ళలో కూసే వస్తువుల్లో ఉండేది పియెజో బజర్, కరెంటు అందితే అదిరి కూసే బిళ్ళ, రూపాయి బిళ్ళంత ఉంటుంది. తక్కువ బ్యాటరీతో ఎక్కువ మోత రావాలని దాన్ని దాదాపు 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యలో మోగేలా చేస్తారు. చెవికి బాగా వినబడే స్థాయి, దిక్కు మాత్రం అస్సలు దొరకని స్థాయి. పైగా ఒకే ఒక్క స్వరం. మాట, తాళాల చప్పుడు, గిన్నె పడ్డ మోత లాంటివాటిలో కింది నుంచి పై దాకా అన్ని స్థాయిలూ కలిసి ఉంటాయి, ఒక ఆధారం తప్పినా ఇంకోటి దొరుకుతుంది. ఈ కూతలో ఒకటే ఉంది, అదీ పనికిరానిది.

దానికి తోడు మీ ఇల్లు. కొత్తగా దిగారు, హాల్లో కర్టెన్లు లేవనుకుంటా, కింద టైల్స్, గోడలు బోసి. గదిలో శబ్దం నేరుగా వచ్చింది ఒకటి, గోడలకి కొట్టుకుని వచ్చినవి పది. మామూలుగా మెదడు ముందొచ్చిన దాన్నే నమ్మి, వెనకొచ్చే వాటిని దిక్కు విషయంలో పట్టించుకోదు. 1949లోనే దీని మీద పేరున్న పరిశోధన వచ్చింది. కానీ ఆ ‘ముందు’ తెలియాలంటే శబ్దం టక్కున మొదలవ్వాలి. గరిటె కింద పడితే అలా తెలుస్తుంది. నున్నగా మొదలై నున్నగా ఆగే కూతకి ఆ అంచు ఉండదు, గోడల నుంచి వచ్చింది కూడా అసలుదే అనిపిస్తుంది.

ఇంకో మాట, మీ ఆయన గారికి. కళ్ళు ఏది చూపిస్తే చెవి దాన్నే నమ్ముతుంది. తోలుబొమ్మలాటలో పాట పాడేది తెర వెనక మనిషి, మనకి మాత్రం బొమ్మే పాడినట్టుంటుంది. ఆయన అనుమానం యూపీఎస్ మీద, కాబట్టి యూపీఎస్సే కూస్తుంది. మీకు ఆర్వో ఫిల్టర్ మీద ఏదో పాత పగ ఉండి ఉండాలి.

పరీక్ష సంగతి. ఇంట్లోనే చిన్నది చేయండి. పరుపు, కర్టెన్లు ఉన్న బెడ్‌రూమ్‌లో కుర్చీ వేసి ఆమెని కళ్ళు మూసుకోమనండి. మీరు అడుగుల చప్పుడు కాకుండా చుట్టూ తిరిగి అక్కడక్కడా తాళాల గుత్తి ఆడించండి, వేలు చూపించమనండి. ఎప్పుడూ ఒకే వైపుకి చూపిస్తున్నా, కుడి ఎడమలు తారుమారైనా రెండు చెవుల మధ్య తేడా ఉందేమో చూడాలి. ఒక్కోసారి గుబిలి గడ్డకట్టినా అలా అవుతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టొద్దు దయచేసి. ఈ ఆటలో బాగానే చెప్పినా అరవై దాటాక ఒకసారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించడం మంచిదే. ఈ కూత కోసం కాదు, ఆ టీవీ సౌండ్ కోసం. బెంగళూరులో నిమ్హాన్స్‌లో కూడా ఈ విభాగం ఉంది.

ఇక వస్తువుని పట్టాలంటే దిక్కుని నమ్ముకోకండి, మోతని నమ్ముకోండి. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ గదికొకటి పెట్టి, తలుపులు మూసి, రికార్డింగ్ ఆన్ చేసి బయటికి రండి. ఏ ఫోన్‌లో కూత గట్టిగా పడిందో ఆ గది. తర్వాత ఆ గదిలో మళ్ళీ అదే పని, మూలకొకటి.

ఒంటిచెవి:

డాక్టరు గారూ (కాదంటారేమో, మాకు మీరు డాక్టరే), నాది ఒక అనుభవం. చిన్నప్పుడు గవదబిళ్ళలొచ్చి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది దివ్యంగా ఉంది. ఫోన్‌లో మాట్లాడటానికి, టీవీకి ఏ లోటూ లేదు. కానీ దిక్కు అన్నది నాకు లేదు. ప్రపంచం మొత్తం నా ఎడమ భుజం మీద కూర్చుని మాట్లాడుతుంది.

మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర రోడ్డు దాటేటప్పుడు హారన్ వినబడుతుంది, ఎటో తెలియదు. నేను హారన్‌ని లెక్కలోకి తీసుకోవడం మానేశాను, రెండు వైపులా చూశాకే అడుగేస్తాను. ఆఫీసు మీటింగ్‌లో టేబుల్ కుడి చివర కుర్చీ నాదే, అందరూ నా ఎడమకి వస్తారు. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చోవాలంటే మాత్రం తంటా, కుడి పక్కన కూర్చున్నాయన పాపం ఏదో చెప్తూనే ఉంటాడు, నేను పప్పు కలుపుకుంటూ ఉంటాను. పొగరనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే నేను గుండ్రంగా తిరుగుతాను. ఆఫీసులో పిల్లలకి అది సరదా. అమ్మా కడప కోడలూ, మీ అత్తగారు పిలిస్తే సరిగ్గా మీ వైపే తిరుగుతున్నారంటే ఆమెకి నా బాధ లేనట్టే.

చెవి_సంగతులు:

చివరి మాట చాలా మంచి పాయింట్. పిలిస్తే తిరగడం మేం పసిపిల్లల్లో కూడా చూస్తాం. మీ కుర్చీ ఎంపిక కూడా మేం చెప్పేదే. ఒక చెవితో ఉన్నవాళ్ళు తల అటూ ఇటూ తిప్పుతూ, శబ్దం ఎక్కడ పెరిగిందో చూసి కొంత రాబట్టగలరు, కానీ శబ్దం కాసేపు ఆగకుండా ఉండాలి. హారన్ ఆగదు కదా బెంగళూరులో, అయినా మీరు చేస్తున్నదే సరైనది, కళ్ళనే నమ్మండి.

బుల్లెట్_చిత్తూరు:

నా రెండు చెవులూ బాగున్నాయి, అయినా హెల్మెట్ పెడితే అంబులెన్స్ ముందుందో వెనకుందో తెలియదు. మొన్న హెబ్బాళ ఫ్లైఓవర్ కింద సైరన్ వినబడి నేనూ, నా పక్కనున్న ఆటో అన్నా ఇద్దరం ముందుకి మెడ చాచి చూస్తున్నాం, అది మా వెనకాలే నిలబడి ఉంది. హెల్మెట్ తీసేయమని మాత్రం చెప్పొద్దు సార్, మా అమ్మ చదువుతుంది ఇవి.

చెవి_సంగతులు:

హెల్మెట్ తీయొద్దు. అద్దాలు చూడండి, చాలు.

సంగతి ఇది. కుడి ఎడమలకి రెండు చెవుల మధ్య తేడా పనికొస్తుంది. సూటిగా ముందున్న శబ్దానికీ, సూటిగా వెనకున్న శబ్దానికీ ఆ తేడా ఒకటే, సున్నా. నెత్తి మీద ఉన్నా సున్నాయే. రేలీ 1870ల్లోనే తన ఇంటి ముందు పచ్చికలో కళ్ళు మూసుకుని నిలబడి చూసుకున్నాడు. మనుషుల గొంతులైతే ఎక్కడున్నా చెప్పగలిగాడు, ట్యూనింగ్ ఫోర్క్ ముందు మోగిందో వెనక మోగిందో మాత్రం చెప్పలేకపోయాడు.

ముందు వెనకలు, పైకిందలు చెప్పేది బయటి చెవి, అంటే మనం దుద్దులు పెట్టుకునే చెవి. దాని మడతల్లో శబ్దం అటూ ఇటూ కొట్టుకుని లోపలికి వెళ్ళేటప్పుడు దిక్కుని బట్టి కొన్ని స్థాయిలు తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. మెదడు ఆ వాటం చిన్నప్పటి నుంచీ నేర్చుకుని ఉంటుంది. మీ హెల్మెట్ ఆ మడతల్ని నొక్కేసి, కీచు స్థాయిల్ని స్పాంజితో మింగేస్తుంది. అందుకే కుడి ఎడమలు కాస్త మిగులుతాయి, ముందు వెనకలు పోతాయి. పైగా ఫ్లైఓవర్ కింద కాంక్రీటు, పక్కన బస్సు రేకు. ఆటో అన్నకి హెల్మెట్ లేదు కదా, ఆయన్ని ముంచింది అవే.

నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధకులు చేసిన పని నాకు చాలా ఇష్టం, 1998లో వచ్చింది. కొందరి చెవుల మడతల్లో అచ్చులు పోసి ఆకారం మార్చేశారు. పెట్టగానే పైకిందలు పూర్తిగా గల్లంతు, కుడి ఎడమలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. తీయకుండా కొన్ని వారాలు తిరిగితే ఆ కొత్త చెవులతో మళ్ళీ పైకిందలు చెప్పడం వచ్చేసింది. విశేషం ఏంటంటే, అచ్చులు తీసేశాక పాత చెవులతో కూడా వెంటనే సరిగ్గానే చెప్పారు. అంటే కొత్తది నేర్చుకున్నా పాతది చెరిగిపోలేదు. మన తెలుగువాళ్ళు ఇక్కడికొచ్చి కన్నడ నేర్చుకున్నట్టే అనుకోండి.

వయసు పైబడ్డవాళ్ళకి ముందు తగ్గేది కీచు స్థాయిలే కాబట్టి ముందు వెనకలు, పైకిందల్లో వాళ్ళు ఎక్కువ తడబడతారు. కడప కోడలు గారూ, తాళాల ఆటలో అత్తమ్మగారు ముందుది వెనకది అన్నారని కంగారు పడకండి. కుడి ఎడమలు చూడండి.

కడప_కోడలు:

అప్‌డేట్. ఆట ఆడాం. నిజంగా ఆటే అయింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని, చేతిలో ఊదుబత్తి పుల్ల పట్టుకుని చూపిస్తా ఉంటే నేను సాక్సులేసుకుని చుట్టూ తిరిగాను. తాళాలు ఆడించిన ప్రతిచోటికీ పుల్ల సూటిగా వచ్చింది, ఒకసారైతే సరిగ్గా నా మణికట్టుకి తగిలింది. వీపు వెనక మాత్రం ఒకట్రెండు సార్లు ముందుంది అంది. తర్వాత మా ఆయన్ని కూర్చోబెడితే అతనూ వెనకది ముందుంది అన్నాడు. అత్తమ్మ మొహం చూడాలి మీరు అప్పుడు!

ఆ తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, 3000 దగ్గర పెట్టి, హాల్లో చిన్న చిన్న కూతలు వినిపించాను. ముగ్గురం గుడ్డివాళ్ళమే. పుల్ల గాల్లో తిరుగుతోంది కానీ ఎక్కడా ఆగదు. అదే హాల్లో గరిటె కింద పడేస్తే మాత్రం ముగ్గురం టక్కున అటే చూపించాం.

ఫోన్ల ఉపాయం పని చేసింది. హాలు, వంటిల్లు, రెండు బెడ్‌రూములు, నాలుగు చోట్లా పెట్టాం. బెడ్‌రూముల్లో కూత ఉందా లేదా అన్నట్టుంది, వంటింట్లో కొంచెం, హాల్లో చెవి పగిలేంత. హాల్లో మూలకొకటి పెడితే బాత్రూమ్ పైన ఉండే అటక కింద ఫోన్‌లో ఎక్కువ పడింది. స్టూల్ వేసుకుని ఎక్కి చూస్తే, పాత కాగితాల కింద గుండ్రటి తెల్ల డబ్బా. పొగ వస్తే మోగే అలారం. ఇల్లు పెయింట్ వేసేటప్పుడు సీలింగ్ నుంచి విప్పి అక్కడ పడేసినట్టున్నారు, దాని బ్యాటరీ అయిపోతోంది. అటక తలుపు బాల్కనీ అద్దాలకి ఎదురుగా తెరుచుకుంటుంది, ఆ కూత నేరుగా అద్దానికి కొట్టుకుని వెనక్కి వచ్చేది. సోఫాలో కూర్చునే మనిషికి బాల్కనీ నుంచి వినబడక ఎక్కడి నుంచి వినబడుతుంది?

బ్యాటరీ మార్చి మళ్ళీ సీలింగ్‌కి బిగించమన్నాను, పారేయొద్దని. ఆడియోగ్రామ్‌కి అత్తమ్మ ఒప్పుకుంది, కొడుకు కూడా తీయించుకోవాలి అన్న షరతు మీద. శనివారం ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

బ్యాటరీ_బాబాయ్:

బ్యాటరీనే అని మొదటి రిప్లైలోనే చెప్పాను, రికార్డులో ఉండనీ.

కీచురాయి_బాధితుడు:

సందర్భం దొరికింది కాబట్టి అడుగుతున్నా. సర్జాపుర రోడ్డులో గ్రౌండ్ ఫ్లోర్ మాది. రాత్రిళ్ళు కీచురాయి ఒకటి. ఫ్రిజ్ వెనక అనుకుని ఫ్రిజ్ జరిపితే షూ రాక్ దగ్గర అరుస్తుంది. అదీ ఇదే కథా?

చెవి_సంగతులు:

ఇదే కథ. కీచురాయి రెక్కలు రాసి చేసే శబ్దం దాదాపు ఒకే స్వరం, ఎక్కువగా 4000 నుంచి 5000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కానీ ఆ బజర్ కంటే మీకు ఒక సుఖం ఉంది, ఇది కాసేపు ఆపకుండా అరుస్తుంది. నిలబడిన చోటే తలని మెల్లగా అటూ ఇటూ తిప్పండి, రెండు చెవులకీ సమానంగా వినబడే దగ్గర ఆపండి. అది మీ ముక్కు వైపు ఉండాలి, లేదా సరిగ్గా వీపు వెనక. తల కుడికి తిప్పినప్పుడు శబ్దం ఎడమ చెవిలో పెరిగితే ముందుంది, కుడి చెవిలో పెరిగితే వెనకుంది. తర్వాత గదిలో ఇంకో మూలకి వెళ్ళి అదే చేయండి. రెండు చోట్ల నుంచీ గీసిన గీతలు కలిసే దగ్గర వెతకండి. మీ అడుగుల అదురుకి అది నోరు మూస్తుంది, అప్పుడు కదలకుండా ఉండండి, మళ్ళీ మొదలుపెడుతుంది. దొరికితే గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్టముక్క తోసి బయట వదిలేయండి.